‘బోల్ట్’ ఒక్కటే మాట, తెలుగులో దానికి ఎన్ని మాటలు కావాలి?

మల్లెతీగ | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. పిల్లల కోసం ఒక పాత ఇంగ్లీషు పల్లె కథను తెలుగు చేస్తున్నాను. నలభై పేజీల చిన్న కథ. మూడు వారాలుగా హాయిగా సాగిన పని పదిహేడో పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ ఒక్క పేజీలో ‘బోల్ట్’ అనే మాట ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ ఆరు అర్థాలు.

సన్నివేశం చెబుతాను. తుఫాను రాత్రి, ఇంట్లో నాయనమ్మ, మనవడు. పిల్లవాడు రొట్టె గబగబా మింగుతాడు, అదొక బోల్ట్. నాయనమ్మ లేచి వెళ్ళి తలుపు బిగిస్తుంది, అది రెండోది. గది మూలన ఆమె కొనిపెట్టుకున్న కొత్త బట్ట చుట్టగా ఉంటుంది, అది మూడోది. బయట పిడుగు పడుతుంది, నాలుగు. కొట్టంలోని గుర్రం బెదిరి పారిపోతుంది, ఐదు. ఆ చప్పుడుకు నాయనమ్మ పక్క మీద ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది, అక్కడా అదే మాట.

కంప్యూటర్ అనువాదంలో పెట్టి చూస్తే ‘గుర్రం బోల్ట్ చేయబడింది’ అని వచ్చింది. నిఘంటువులో అర్థాలన్నీ వరసగా ఉన్నాయి గాని, ఏ మాట ఎవరి నోట ఎప్పుడు వస్తుందో అది చెప్పదు కదా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ పనిలో వీటిని ఏమంటారు? చదివేది పిల్లలు. ప్రతి మాటా వాళ్ళు ఎక్కడో ఒకచోట విన్నదై ఉండాలని నా కోరిక.


తాటాకు | శనివారం, ఉదయం 8:55

మల్లెతీగ గారూ, ముందు ఈ ఆరు అర్థాలూ ఒక ఇంటివేనని తెలిస్తే పని కొంత తేలిక అవుతుంది.

పాత ఇంగ్లీషులో బోల్ట్ అంటే బాణం. మామూలు సన్నని బాణం కాదు, పొట్టిగా, లావుగా, మొద్దు తలతో ఉండేది. జర్మన్ భాషలో దీని చుట్టం ‘బోల్‌ట్సెన్’ అన్న మాట ఇప్పటికీ ఉంది. ఆ బాణాన్ని కళ్ళ ముందు పెట్టుకుని చూడండి. దాని ఆకారం నుంచి కొన్ని అర్థాలు పుట్టాయి, దాని వేగం నుంచి మరికొన్ని. పొట్టి కడ్డీలా ఉంది కాబట్టి తలుపుకు పెట్టే ఇనుప కడ్డీ బోల్ట్ అయింది, తరవాత నట్టుతో జత కలిసే బోల్టు అయింది, గుండ్రంగా చుట్టిన బట్ట కూడా అయింది. రివ్వున పోతుంది కాబట్టి పారిపోయే గుర్రానికి, గబగబా మింగే పిల్లవాడికి, ఆకాశం నుంచి దిగే పిడుగుకు అదే మాట అంటుకుంది.

‘మూర్ఖుడి బోల్ట్ ముందే అయిపోతుంది’ అని ఇంగ్లీషులో ఒక పాత సామెత ఉంది. తొందరపడి ఉన్న ఒక్క బాణాన్నీ వేసేస్తాడని దాని భావం. నలభై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పాను, ఈ సామెత చెప్పకుండా ఈ మాటను ఏ తరగతిలోనూ వదలలేదు. బాణం అని తెలియకపోతే ఆ సామెత పిల్లలకు బోధపడదు.

తెలుగులో మనకు ఇలా ఒకే మూలం నుంచి పుట్టిన మాట లేదు. ఆరు చోట్ల ఆరు మాటలు వాడవలసిందే. దాన్ని లోటు అనుకోకండి.


వాకిలి | శనివారం, ఉదయం 10:20

మాది మూడు తరాలుగా వడ్రంగం పని చేసిన కుటుంబం. తలుపు సంగతి నేను చెబుతాను. మల్లెతీగ గారూ, మీరు ఇప్పటికే ‘గొళ్ళెం’ అని రాసి ఉంటే దయచేసి ఆగండి.

గొళ్ళెం వేరు, గడియ వేరు. గొళ్ళెం అంటే తలుపుకు వేలాడే గొలుసో కొక్కెమో. దాన్ని ఎత్తి, గడపకో ద్వారబంధానికో ఉన్న కొండీకి తగిలిస్తాం. గడియ అంటే తలుపుకే అమర్చిన కడ్డీ. అది రెండు పట్టీల మధ్య జారుతూ వెళ్ళి ద్వారబంధంలో తొలిచిన రంధ్రంలో దూరుతుంది. పాత ఇళ్ళలో ఇంకోటి ఉండేది, అడ్డగడియ. తలుపు వెనక గోడలో ఒకవైపు లోతైన గూడు ఉంటుంది. దూలంలాంటి కర్రను అందులోంచి లాగి, తలుపుకు అడ్డంగా తెచ్చి, అటు గోడలోని గుంటలో ఆనిస్తారు. పగలంతా ఆ కర్ర గోడలోనే దాగి ఉంటుంది. మా తాతగారి ఇంట్లో దాన్ని లాగేటప్పుడు వచ్చే గరగర చప్పుడు వినిపిస్తే ఇక ఇల్లు నిద్రపోతోందని అర్థం.

కొన్ని ప్రాంతాల్లో బేడం అంటారు. ఇప్పుడు హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే లోపలివైపు పైనా కిందా పెట్టే చిన్నదానికి టవర్ బోల్ట్ అని, బయట తాళం కప్ప పట్టే పెద్దదానికి ఆల్‌డ్రాప్ అని చెబుతారు. కథలోని నాయనమ్మ చేసిన పని ఏమిటి? తగిలించిందా, జరిపిందా, కర్ర అడ్డం పెట్టిందా? అది చెబితే మాట దానంతట అదే వస్తుంది.


మల్లెతీగ | శనివారం, ఉదయం 10:48

వాకిలి గారూ, నిజంగానే గొళ్ళెం అని రాశాను. ఇప్పుడు పుస్తకంలోని బొమ్మ మళ్ళీ చూశాను. తలుపు మధ్యలో వేలంత లావు ఇనుప కడ్డీ ఉంది, చివర వంచిన పిడి ఉంది. నాయనమ్మ చేయి ఆ పిడి మీద ఉంది. అంటే జరిపింది. గడియే. దిద్దుకున్నాను.


జరీఅంచు | శనివారం, మధ్యాహ్నం 1:15

బట్ట చుట్టకు మాట వెతకనక్కరలేదు. తాను. ఏ బట్టల కొట్టుకు వెళ్ళినా వినిపించే మాట అది.

మా కొట్టులో పొద్దున మొదటి పని తానులు సర్దడమే. మధ్యలో అట్టో పలకో పెట్టి దాని చుట్టూ మడతలు మడతలుగా చుట్టినవి కొన్ని, గొట్టానికి చుట్టినవి కొన్ని. గిరాకీ వచ్చి జాకెట్టు గుడ్డ అడిగితే తానును బల్ల మీద పడేసి రెండు చేతులతో దొర్లిస్తాం. అది దబదబమంటూ విప్పుకుంటుంది. మీటరు కర్ర పెట్టి కొలిచి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి లాగితే నూలు గుడ్డ గీత గీసినట్టు చిరుగుతుంది. సిల్కు, సింథటిక్ గుడ్డలను మాత్రం చివరిదాకా కత్తెరతోనే కోయాలి.

ఒక తానులో ఇన్ని మీటర్లే ఉండాలని లేదు. గుడ్డను బట్టి, మిల్లును బట్టి, మగ్గాన్ని బట్టి మారుతుంది. కాబట్టి కథలో ‘ఇరవై గజాల గుడ్డ’ అని లెక్క పెట్టకండి, తాను అనండి చాలు. ‘ఆ తానులో ముక్కే’ అని మనవాళ్ళు మనుషుల గురించి కూడా అంటారు కదా, పిల్లలకు ఆ మాట అలాగైనా పరిచయమే.


పానా17 | శనివారం, రాత్రి 9:30

పొద్దున్నుంచి చదువుతున్నాను. అందరూ తలుపూ బట్టా అంటున్నారు గాని, ఈ రోజు తెలుగువాడికి బోల్టు అనగానే ముందు గుర్తొచ్చేది నట్టుతో పాటు వచ్చేది. దాని గురించి ఎవరూ రాయలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ పనిలోనే ఉన్నాను, రాస్తాను.

స్క్రూ, బోల్టు ఒకటే అనుకునేవారు చాలామంది. స్క్రూ చెక్కలోకో రేకులోకో తానే మర, అంటే మెలికల గాడి, కోసుకుంటూ దిగి దాన్నే పట్టుకుంటుంది. బోల్టు అలా కాదు. రెండు పలకల్లో ఉన్న రంధ్రాల గుండా అవతలికి వెళుతుంది, అక్కడ నట్టు దాన్ని పట్టుకుంటుంది. నట్టు బిగిస్తున్నకొద్దీ బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. అవును, ఉక్కు సాగుతుంది. సాగినది మళ్ళీ తన పొడవుకు రావాలని లాగుతుంది కాబట్టి రెండు పలకలూ ఒకదానికొకటి నొక్కుకుంటాయి. పట్టు అంతా ఆ లాగుడులోనే ఉంది. ఎక్కువ బిగిస్తే సాగడం దాటి మెడ దగ్గర తెగుతుంది, తక్కువ బిగిస్తే అదురుకు వదులవుతుంది. కొత్తగా పనికి వచ్చిన పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

మంచి బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది. అది కొలత కాదు, బలం. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు వరకు తెగదని. చుక్క తరవాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 వరకు లాగినా వదిలితే తిరిగి తన పొడవుకు వస్తుందని. మందం పది మిల్లీమీటర్లున్న బోల్టుకు మర ఒకటిన్నర మిల్లీమీటరు దూరంతో తిరుగుతుంది, మా దగ్గర దాని తలకు పదిహేడు పానా పడుతుంది. నా పేరులో ఆ అంకె అందుకే.

పాత ఆయిల్ ఇంజన్లు మరమ్మతుకు వస్తే వాటి బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో స్థిరపరచిన మర అది. ఆ మర కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్ మర 60. చూపుకు ఒకేలా ఉంటాయి. ఇప్పటి నట్టును పాత బోల్టుకు పెడితే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. అక్కడ బలం పెట్టి తిప్పారా, రెండూ పాడైనట్టే.


రైలుకట్ట | ఆదివారం, ఉదయం 6:10

పానా17 గారు చెప్పిన దానికి చిన్న చేర్పు. మా నాన్నగారు రైల్వేలో కీమన్. పట్టా చివర, పట్టా చివర కలిసేచోట రెండువైపులా ఉక్కు పలకలు పెట్టి నాలుగు బోల్టులు బిగిస్తారు. పత్రికల్లో ఫిష్‌ప్లేట్లు అని రాసేది ఆ పలకలనే. పట్టాలోని రంధ్రం బోల్టు కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది, ఎండకు పట్టా సాగేటప్పుడు జరగడానికి చోటుండాలి కాబట్టి. మా నాన్న రోజూ తన బీటు పొడవునా పట్టాల వెంట నడుస్తూ, భుజాన సుత్తి, పెద్ద పానా మోస్తూ, వదులైన ప్రతి బోల్టునూ బిగించేవారు. ఇంటికి వచ్చి ‘ఈ రోజు తొమ్మిది’ అనేవారు. ఆ లెక్క బోల్టులదని మా అందరికీ తెలుసు.


పెరటితోట | ఆదివారం, ఉదయం 9:05

మొక్కలకు కూడా ఈ మాట వాడతారని ఇక్కడ ఎవరూ చెప్పలేదు. నాకు ఈ మాటతో ఒక బాధ ఉంది, అందుకే రాస్తున్నాను.

ఆకు కోసమో గడ్డ కోసమో పెంచే మొక్క ముందే కాడ సాగి పూతకు వస్తే ఇంగ్లీషులో దాన్ని బోల్టింగ్ అంటారు. కొత్తిమీర మడిలో ఎండ ముదరగానే చూడండి. వెడల్పాటి ఆకులు ఆగిపోయి, సోంపు ఆకులా సన్నని పీచు ఆకులు వస్తాయి, నడుమ నుంచి కాడ నిటారుగా లేస్తుంది, వారంలో తెల్లని పూలు. ఇక ఆ ఆకుకు వాసన ఉండదు. ఉల్లికి ఎండతో కాదు, చలితో వస్తుంది. నారుమడిలో ముదిరిన నారును ఆలస్యంగా నాటితే, చలి రాత్రులు తగిలాక మొక్క మధ్యలోంచి గొట్టంలాంటి పూకాడ లేస్తుంది. ఆ గడ్డను కోసి చూస్తే నడిబొడ్డున కాడ గట్టిగా కట్టెలా ఉంటుంది. అది నిలవకు ఆగదు, ముందుగా కుళ్ళేది అదే.

పదిహేనేళ్ళ కిందట మా నాన్నగారికి ఒక కరపత్రం ఇచ్చారు. అందులో ‘బోల్టింగ్ నివారణకు లేత నారు నాటండి’ అని ఉంది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, మోటారు సంగతేమో అనుకుని పక్కన పెట్టేశారు. ఆ ఏడాది మా మడిలో సగానికి పైగా పూకాడలు లేచాయి. పూకాడ అని రాసి ఉంటే ఆయనకు వెంటనే తెలిసేది. పుట్టినప్పటి నుంచీ ఉల్లి మధ్య పెరిగిన మనిషికి తెలిసిన వ్యవహారాన్ని తెలియని మాటలో చెప్పారు. మల్లెతీగ గారు ఒక్క మాట కోసం ఇంతమందిని అడగడం చూసి నాకు చాలా సంతోషం వేసింది.


గనిదీపం | ఆదివారం, మధ్యాహ్నం 12:40

బొగ్గుగనిలో బోల్టు అంటే ప్రాణం. నేను సింగరేణి గనుల్లో సపోర్ట్‌మన్‌గా పనిచేశాను.

భూమి కింద బొగ్గు తీసిన చోట తల మీద రాతి పొరలు ఒకదాని కింద ఒకటి పలకల్లా ఉంటాయి. వెనకటికి వాటి కింద కలప స్తంభాలు నిలబెట్టేవారు. ఇప్పుడు రూఫ్ బోల్టులు వేస్తారు. పైకప్పులోకి సుమారు ఒకటిన్నర మీటరు లోతుగా రంధ్రం తొలుస్తారు. అందులోకి సిమెంటు లేదా రెసిన్ గుళికలు తోసి, వాటి వెంట ఉక్కు కడ్డీని ఎక్కిస్తారు. గుళిక గట్టిపడి కడ్డీని రాతికి అతికిస్తుంది. కింద చదరపు పలక పెట్టి నట్టు బిగిస్తారు. అలా వరసగా వేస్తే విడివిడి పొరలన్నీ కలిపి కుట్టినట్టు అవుతాయి. విడి అట్టలు పది వంగిపోతాయి గాని, పదీ కలిపి కుడితే వంగవు కదా, అదే సూత్రం. కలప స్తంభం కింద నుంచి మోస్తుంది. బోల్టు రాయి చేతనే రాయిని మోయిస్తుంది.

షిఫ్టు మొదలయ్యాక ముందుగా కర్రతో పైకప్పును తట్టి వింటాం. ఖంగుమంటే పొర గట్టిగా ఉంది. డొల్లగా మోగితే లోపల ఖాళీ ఉంది, ఎవరూ కిందికి పోకూడదు. ఇన్నేళ్ళయినా కొత్త ఇంట్లో అడుగుపెడితే నా చెయ్యి పైకప్పు వైపు పోతుంది.

గనిలో దీనికి తెలుగు మాట లేదు. రూఫ్ బోల్టే. అందరికీ అర్థమయ్యేది అదే.


కుంచె | ఆదివారం, సాయంత్రం 5:20

నాదొక సందేహం. మాది స్క్రీన్ ప్రింటింగ్. పెళ్ళి పత్రికలు, చేతి సంచులు అచ్చు వేస్తాం. చట్రానికి బిగించే సన్నని వలలాంటి గుడ్డను మేము బోల్టింగ్ క్లాత్ అంటాం. నంబరు చెప్పి కొంటాం, నంబరు పెరిగితే రంధ్రాలు సన్నబడతాయి. వెండి, బంగారు రంగుల్లో పొడి కలుస్తుంది కాబట్టి వాటికి పెద్ద రంధ్రాల గుడ్డ కావాలి, సన్నని అక్షరాలకు చిన్నవి. తాటాకు గారు చెప్పినట్టు ఇది కూడా బాణం నుంచే వచ్చిందా? చట్రానికి బిగిస్తాం కాబట్టి బోల్టింగ్ అన్నారని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను.


తాటాకు | ఆదివారం, రాత్రి 8:00

కుంచె గారూ, ఎంత మంచి ప్రశ్న అడిగారు! అది వేరే మాట. బాణానికీ బిగింపుకూ దానితో ఏ సంబంధమూ లేదు.

పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఇంకో ‘బోల్ట్’ ఉంది, దాని అర్థం జల్లించడం. పిండిమరల్లో పిండిని సన్నని గుడ్డ గుండా జల్లెడ పట్టేవారు. ఆ జల్లెడ గుడ్డ పేరే బోల్టింగ్ క్లాత్. అదే గుడ్డను తరవాత అచ్చు పనికి వాడుకున్నారు, పేరు వెంట వచ్చింది. మీరు చట్రం మీద రంగు పోసి రబ్బరు పలకతో లాగుతారు చూడండి, నిజానికి అక్కడ జరిగేది రంగును జల్లించడమే. అంటే రెండు వేరు వేరు మాటలు నడిచి నడిచి ఒకే రూపానికి వచ్చి కూర్చున్నాయి.

మనకూ సరిగ్గా అలాంటిదే ఉంది. వాకిలి గారు చెప్పిన గడియనే చూడండి. తలుపుకు వేసే గడియ ఒకటి, కాలాన్ని కొలిచే గడియ మరొకటి. కాలపు గడియ సంస్కృతంలోని ఘటిక నుంచి వచ్చింది. ఘటిక అంటే చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీళ్ళలో వదిలితే అది నిండి మునగడానికి పట్టే సమయాన్ని లెక్కగా పెట్టుకున్నారు. గడియకు 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. గడియారం అనే మాట దాని బిడ్డే. తలుపు గడియ మాత్రం గడ, గడె అనే మన కర్ర మాటల పక్కన నిలిచేది. కుండ నుంచి వచ్చినదీ కర్ర నుంచి వచ్చినదీ తెలుగు నోట ఒక్కటైపోయాయి. జరీఅంచు గారి తాను కూడా అంతే. హిందుస్తానీ ‘థాన్’ మన దగ్గరికి వచ్చి, ‘తనకు తాను’ అనే తానుతో ఒకే రూపమైంది. పక్కపక్కనే ఉన్నా ఒకదాన్ని ఇంకోటని ఎవరూ పొరబడరు.


నల్లమబ్బు | సోమవారం, ఉదయం 7:25

పిడుగు గురించి. మల్లెతీగ గారూ, కథలో ‘మెరుపు’ అని రాయకండి. మెరుపు కనిపించేది, పిడుగు పడేది. గుర్రాన్ని బెదరగొట్టింది పడినదే.

ఆకాశం నుంచి ఏదో ఆయుధం విసిరారనే ఊహ అన్ని చోట్లా ఉంది. గ్రీకుల దేవరాజు జ్యూస్ చేతిలో అదే, మన ఇంద్రుడి వజ్రాయుధమూ అదే. నేలలో దొరికే నున్నని పాత రాతి గొడ్డళ్ళు పిడుగుతో పాటు పడ్డాయని యూరప్‌లోనూ నమ్మేవారు, మన దేశంలోనూ నమ్మేవారు. పల్నాడులో పిడుగురాళ్ళ అని ఊరే ఉంది. ఇంగ్లీషువాళ్ళ బాణం, మన రాయి, రెండూ విసిరేవే.

నిజానికి విసిరేదేమీ ఉండదు, మబ్బుకూ నేలకూ మధ్య విద్యుత్తు దారి ఏర్పడుతుంది. ఆ సన్నని దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి పేలినట్టు వ్యాపిస్తుంది, ఉరుము అదే. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు గడిస్తే అది సుమారు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. మబ్బుకు పది, పదిహేను కిలోమీటర్ల అవతల తేటగా ఉన్న ఆకాశం కిందా కొన్ని పిడుగులు పడతాయి. ఇంగ్లీషులో ఊహించని వార్తను నీలాకాశంలోంచి పడిన పిడుగుతో పోలుస్తారు, మనం ‘పిడుగులాంటి వార్త’ అని ఊరుకుంటాం. పొలంలో ఉన్నవారు దూరంగా ఉరుము వినబడినా సరే చెట్టు కింద నిలబడకుండా ఇంట్లోకి వెళ్ళాలి. ఈ మాట ఎక్కడ వీలైతే అక్కడ చెబుతుంటాను.


పలకబలపం | సోమవారం, ఉదయం 11:10

చర్చ బాగుంది. అయితే ఒక అభ్యంతరం. నట్టు, బోల్టు, టవర్ బోల్ట్ అని అందరూ తేలిగ్గా రాసేస్తున్నారు. మనకు ‘మరశీల’ అనే చక్కని మాట ఉంది. బండి చక్రం ఇరుసు మీంచి జారిపోకుండా పెట్టేదాన్ని కడచీల అంటారు. శీల, చీల మన పల్లెల్లో నలిగిన మాటలే. వాటిని వదిలి పరాయి మాటను ఎందుకు మోయాలి? పిల్లల పుస్తకంలోనైనా నిలబెట్టుకోకపోతే ఇంకెక్కడ నిలబెడతాం?


పానా17 | సోమవారం, మధ్యాహ్నం 2:30

పలకబలపం గారూ, మీ ప్రేమ నాకు అర్థమైంది. మా తాత ఎద్దుబండికి కడచీల పెట్టడం నేనూ చూశాను, ఆ మాట పోకూడదు. కానీ కడచీల వేరే వస్తువు. దానికి మర ఉండదు, నట్టు ఉండదు. రంధ్రంలో దింపితే దాని బరువుకు అది నిలుస్తుంది, పైకి లాగితే వచ్చేస్తుంది. దాని పేరును బోల్టుకు పెడితే రెండు వస్తువులకూ అన్యాయం చేసినట్టవుతుంది. మర తిప్పిన బోల్టు మనకు ఇంజన్లతో పాటు వచ్చింది. వచ్చి, ‘బోల్టులు, బోల్టుకు, బోల్టు ఊడింది’ అంటూ మన విభక్తులు తొడుక్కుని మనదైపోయింది. మా షెడ్డుకు వచ్చే రైతు, ట్రాక్టర్ డ్రైవరు, బడి మానేసిన పిల్లవాడు, ముగ్గురూ అనే మాట అదే.

బండి కథ రాసినప్పుడు కడచీల రాయండి. ఇంజను కథ రాసినప్పుడు బోల్టు రాయండి.


పలకబలపం | సోమవారం, మధ్యాహ్నం 3:05

కడచీలకు మర ఉండదన్న మాట నిజం. నేను రెంటినీ కలిపేశాను. అయినా మరశీల మీద నా అభిమానం పోదు. పాఠ్యపుస్తకంలో ఆ మాట చదువుకున్న తరం మాది.


మల్లెతీగ | సోమవారం, రాత్రి 9:45

మూడు రోజుల్లో ఇంత దొరుకుతుందని అనుకోలేదు. అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. పేజీ ఇప్పటికి ఇలా వచ్చింది:

‘పిల్లవాడు రొట్టె ముక్కలు నమలకుండానే మింగేశాడు. నాయనమ్మ తలుపు దగ్గరికి వెళ్ళి గడియ జరిపింది. మూలన గోడకు ఆనించిన కొత్త తాను దీపం వెలుగులో నీలంగా మెరుస్తోంది. అర్ధరాత్రి దాటాక ఊరి చివర పిడుగు పడింది. కొట్టంలో గుర్రం బెదిరి, తాడు తెంచుకుని దౌడు తీసింది. నాయనమ్మ పక్క మీద నిటారుగా లేచి కూర్చుంది.’

ఐదు కుదిరాయి. ఆరోది నచ్చలేదు. ‘నిటారుగా లేచి కూర్చుంది’ అంటే ఆమె వెన్ను కనిపిస్తోంది గాని, ఆ ఉలికిపాటు కనిపించడం లేదు. మూలంలో ఆ ఒక్క మాటలో రెండూ ఉన్నాయి.


తాటాకు | సోమవారం, రాత్రి 10:30

అక్కడే బాణం మొత్తంగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ ప్రయోగం బాణంలా తిన్నగా, నిలువుగా అన్న ఆకారం నుంచే మొదలైంది. కథలో దానికి వేగం కూడా తోడైంది. తెలుగులో ఒక్క మాటతో రాదు, రెండు పెట్టండి. ‘దిగ్గున లేచి నిటారుగా కూర్చుంది.’ దిగ్గున అనడంలో వేగం ఉంది, నిటారుగా అనడంలో ఆకారం ఉంది.


వాకిలి | మంగళవారం, ఉదయం 6:50

దిగ్గున బాగుంది. నాదొక మనవి. గుర్రం పోయాక నాయనమ్మ తలుపు తీసి చూస్తుందా? ముసలావిడ, తుఫాను, ఇంట్లో పిల్లవాడు. ఆమె వెంటనే గడియ తీయలేదనే నా నమ్మకం. కడ్డీ పిడి మీద చెయ్యి పెట్టి, బయటి చప్పుళ్ళు వింటూ చాలాసేపు నిలబడి ఉంటుంది. మా నాయనమ్మ అలాగే నిలబడేది.


మల్లెతీగ | మంగళవారం, ఉదయం 8:15

వాకిలి గారూ, పద్దెనిమిదో పేజీ మొదటి వాక్యం సరిగ్గా అదే. ఆమె చాలాసేపు కడ్డీ మీంచి చెయ్యి తీయలేదని ఉంది. తాటాకు గారు చెప్పిన కుండా కర్రా మనసులో ఉండి ఇలా రాశాను: ‘నాయనమ్మ గడియ సేపు గడియ మీంచి చెయ్యి తీయలేదు.’ మూలంలో ఈ జంట లేదు. ఉంచవచ్చా? పిల్లలు తికమక పడతారేమోనని భయంగా ఉంది.


పెరటితోట | మంగళవారం, సాయంత్రం 6:40

మా అమ్మాయి మూడో తరగతి. ఇప్పుడే ఆ వాక్యం కాగితం మీద రాసి ఇచ్చి చదవమన్నాను. రెండో గడియ దగ్గర ఆగి, ‘అమ్మా, రెండుసార్లు పడింది’ అంది. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను. చదివి, లేచి వెళ్ళి మా వంటింటి తలుపు గడియ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. ‘ఇంతసేపేనా అమ్మా?’ అని అక్కడి నుంచే అడుగుతోంది.


మల్లెతీగ | మంగళవారం, సాయంత్రం 6:52

ఇంకొంచెం సేపు అని చెప్పండి. వాక్యం ఉంచేస్తున్నాను.